ఈశ్వరి తీగ

పందిరి వేయు నలవాటు మన యిండ్లలో ఇంకను పోలేదు. పెరడున్నవారు పెరటిలోను, పెరడు లేనివారు డాబామీదను, డాబా కూడ తమది కానివారు వరండా కమ్ములకు త్రాళ్లు కట్టియు ఏదో యొక తీగ నెక్కించుచునే యున్నారు. పూలకు మల్లె, జాజి, రాధామనోహరము. కూరకు దొండ, చిక్కుడు, బచ్చలి. కంటి కింపుగా నుండుటకు కాగితపు పూల తీగ. ఇవి యన్నియు మనకొఱకు మనము పెంచుకొనునవి. మనకొఱకు గాక మఱొక ప్రాణికొఱకు పెంచదగిన తీగ యొకటి కలదు. దానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని నా కోరిక. దాని పేరు ఈశ్వరి.

ఈశ్వరి మన దేశపు తీగయే. తెలుగునాట కంచెలమీదను, ముండ్లపొదలలోను, కొండల క్రింది చిట్టడవులలోను తనంత తాను మొలచును. కొన్నిచోట్ల నల్లేశ్వరి యనియు, గోవిల యనియు పిలుతురు. సంస్కృతమున ఈశ్వరమూలి. 1753వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి అరిస్టొలోకియా ఇండికా అని పేరు పెట్టెను. అందు మొదటి మాట గ్రీకు భాషనుండి పుట్టినది. ప్రసవమునకు మిక్కిలి మేలైనది అని దాని యర్థము. ఈ కుటుంబపు తీగలు కాన్పును సులభము చేయునని యూరపు ఖండమువారు పూర్వము నమ్మియుండిరి. ఆ నమ్మక మెంత వఱకు మంచిదో ముందు తెలియగలదు.

తీగ సన్ననిది. మొదలు మాత్రము ముదిరి కొయ్యవలె గట్టిపడును. ఆకులు నిడుపుగా నుండి, తొడిమవద్ద ఇరుకై, కొనవైపు కొంచెము వెడల్పగును. ఒకే తీగకు సన్నని యాకులును, నడుమ నొక్కినట్లున్న యాకులును కనబడుచుండుటచే క్రొత్తవారు రెండు తీగలేమో యని భ్రమపడుదురు. గుఱుతు పట్టుటకు సులువైన మార్గము ముక్కే. ఆకును నలిపినచో ఘాటైన వెగటు వాసన వచ్చును. ఒకసారి చూచినవారు ఆ వాసనను మఱువరు.

దీని పువ్వును జడలో తురుముకొనుటకు వీలులేదు. దేవునికి పెట్టుటకును పనికిరాదు. రెండంగుళములకు మించని చిన్న పువ్వు. లేత యాకుపచ్చని దేహము, పెదవివద్ద ఊదా గోధుమ రంగుల కలయిక. కాని దానిలోని కట్టుబాటు చూచినచో ఆశ్చర్యము కలుగక మానదు. పువ్వు మొదట బుడ్డివలె ఉబ్బియుండును. దానిపై సన్నని గొట్టము. గొట్టము చివర నాలుకవంటి పెదవి. చిన్న చిన్న ఈగలు ఆ వాసన కాశపడి పెదవిమీద వ్రాలి గొట్టములోనికి జారును. గొట్టములో లోపలివైపునకు వంగిన సన్నని రోమము లుండును. లోనికి పోవుట కవి అడ్డుపడవు. వెలికి వచ్చుటకు మాత్రము దారి యియ్యవు. మన జాలరులు వాగులలో పెట్టు చేపల మావు నెఱిగినవారికి ఈ యేర్పాటు సులభముగా బోధపడును. ఈగ బుడ్డిలో చిక్కుకొనును. అప్పటికి పువ్వులోని కీలాగ్రము పుప్పొడి నందుకొనుటకు సిద్ధముగా నుండును గాని, తన పుప్పొడి సంచులు ఇంకను విచ్చియుండవు. ఈగ అంతకుముందు మఱొక పువ్వునుండి తెచ్చిన పుప్పొడి యిక్కడ అంటుకొనును. పిమ్మట ఈ పువ్వు పుప్పొడి విచ్చి ఈగ వీపున చిలుకబడును. గొట్టములోని రోమములు వాడిపోవును. దారి తెఱపి యగును. బందీ వెలికివచ్చి, బుద్ధి రాక, మఱొక పువ్వులో దూరును. పువ్వు ఈగను చంపదు. పని చేయించుకొని విడిచిపెట్టును.

కాయయు ఇంతే ముచ్చటైనది. ఎండిన తరువాత తొడిమవైపునుండి ఆఱు పగుళ్లుగా విచ్చి, ఆ నారలు పైన కలిసియే యుండుటచే, తీగనుండి వ్రేలాడు చిన్న ఉట్టివలె కనబడును. అందులో పలుచని రెక్కగల విత్తులు పేర్చినట్లుండి, గాలి విసరినపుడెల్ల ఒకటి రెండుగా ఎగిరిపోవును.

ఇంతకును ఈ తీగ ఎవరికొఱకు? రెండు జాతుల సీతాకోకచిలుకలకొఱకు. ఆంగ్లేయులు వీనికి కామన్ రోజ్ అనియు, క్రిమ్సన్ రోజ్ అనియు పేర్లు పెట్టిరి. మన భాషలో అందఱును ఒప్పుకొన్న పేర్లు లేకపోవుట విచారకరము. రెండును నల్లని రెక్కలవి, ఎఱ్ఱని దేహము గలవి. కామన్ రోజ్‌కు వెనుక రెక్కల నడుమ తెల్లని మచ్చయు, అంచుల వెంబడి గులాబి రంగు చుక్కలును ఉండును. క్రిమ్సన్ రోజ్‌కు ముందు రెక్కలమీద తెల్లని పట్టెలును, వెనుక రెక్కలమీద కుంకుమవంటి చుక్కలును ఉండును. దీనికి లినేయస్ 1758లో ట్రాయి నగరపు వీరుడైన హెక్టర్ పేరు పెట్టెను. మొదటిదానికి మాత్రము ఆ తీగ పేరే శాస్త్రనామములో చేరినది. అది తిను తీగయే దాని యింటిపేరు అన్నమాట.

పెద్ద సీతాకోకచిలుక పూలలోని తేనె త్రాగి బ్రదుకును; అందుకు అనేకములైన పూలు కలవు. కాని దాని పిల్లయైన పురుగునకు ఆహారము ఈశ్వరి కుటుంబపు ఆకులే. మన నేలలలో ఈశ్వరికి తోడు గాడిదగడపాకు అను చిన్న మొక్క నల్లరేగడి చేలగట్లమీద ప్రాకుచుండును. అదియు ఈ కుటుంబపుదే. దానిమీదను ఇవి గ్రుడ్లు పెట్టును. ఈ రెండును లేనిచోట పూలతోట ఎంత పెద్దదైనను ఈ సీతాకోకచిలుకలు వచ్చి పోవునే గాని సంసారము చేయవు. మన యూళ్లలో కంచెలు పోయి సిమెంటు గోడలు వచ్చినవి. చేలగట్లమీద కలుపుమందు చల్లుచున్నారు. తీగకు చోటు తఱిగిన కొలదిని వీనికిని చోటు తఱుగును.

తల్లి సీతాకోకచిలుక తీగను వెదకు తీరు చూడదగినది. పొదల వెంబడి నేలకు దగ్గఱగా మెల్లగా ఎగురుచు, ఆకు ఆకునకు వ్రాలి, ముందు కాళ్లతో తట్టి రుచి చూచును. సీతాకోకచిలుకకు రుచి కాళ్లలోనే యున్నది. ఈశ్వరి యని నిశ్చయించుకొన్న తరువాత ఆకు అడుగుననో, లేత కాడమీదనో ఒక్కొక్క గ్రుడ్డు చొప్పున పెట్టును. ఎఱ్ఱ నారింజ రంగున ఆవగింజయంత యుండు ఆ గ్రుడ్లు కొన్ని దినములలో పొదుగబడును. పురుగు ముదురు ఊదా రంగున మఖమలువలె నుండి, ఒడలెల్ల ఎఱ్ఱని మెత్తని కొమ్ములవంటివి కలిగియుండును. కామన్ రోజ్ పురుగునకు నడుమున తెల్లని మొలత్రాడు కట్టినట్లుండును. రెండవదానికి ఆ మొలత్రాడు లేదు. మునగచెట్టు గొంగళిని చూచి భయపడిన మనకు ఏ పురుగును చూచినను దురద పుట్టును. కాని వీని కొమ్ములు కండవే గాని రోమములు కావు, దురద పెట్టవు. ఎవరైన కదిపినచో తల వెనుకనుండి నారింజ రంగు గల చీలిన కొమ్మొకటి వెలికి చాచి చెడువాసన విడుచును. అంతకుమించి దానిచేత నగునది ఏమియు లేదు. నాలుగు మారులు కుబుసము విడిచి, సుమారు రెండు వారములు మేసి, పట్టుదారముతో కాడకు నడుము కట్టుకొని గూడగును. ఆ గూడు ఎండి చుట్టుకొన్న ఆకువలె నుండి యెవరి కంటను పడదు. గ్రుడ్డు మొదలు రెక్కల వఱకు ఇంచుమించు ఒక నెల పట్టును.

ఇట్టి కొట్టవచ్చినట్లున్న రంగులు గల పురుగును పక్షులు ఏల తినవు? దీనికి కారణము ఈశ్వరి యాకులోని విషము. అరిస్టొలోకిక్ ఆమ్లమని దానికి పేరు. ఆకులను తినుచు పురుగు ఆ విషమును తన దేహములో దాచుకొనును. అది గూడు దాటి రెక్కల కాలమున గూడ నిలిచియుండును. పక్షి యొకసారి తిని, కక్కుకొని, ఎఱుపు నలుపుల కలయికను జ్ఞాపకముంచుకొనును. అందుచేతనే ఈ సీతాకోకచిలుకలు తొందర లేక తీరికగా ఎగురును.

ఈ కథలో మన కరివేపచెట్టునకును భాగము కలదు. కరివేప, నిమ్మ చెట్లమీద మొదట పక్షిరెట్టవలెను, తరువాత ఆకుపచ్చగను ఉండు పురుగును చూడని యిల్లాలుండదు. కామన్ మార్మన్ అను సీతాకోకచిలుక పిల్ల యది. దానికి విషము లేదు. కాని దానిలోని ఆడువానిలో మూడు వేషములు కలవు. ఒకటి మగదానివలెనే యుండును. రెండవది అచ్చముగా కామన్ రోజ్‌ను పోలియుండును. మూడవది క్రిమ్సన్ రోజ్‌ను. విషమున్నదాని చీర కట్టుకొని విషము లేనిది బ్రదుకుచున్నదన్నమాట. ఈ వింతను గూర్చి ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ 1865లోనే వ్రాసెను. ఒకే తల్లి బిడ్డలలో ఇన్ని రూపము లెట్లు కలుగుచున్నవో 2014లో కృష్ణమేఘ్ కుంటే మొదలైన శాస్త్రజ్ఞులు కనుగొనిరి. డబుల్‌సెక్స్ అను ఒక్క జన్యువే ఈ వేషమంతయు నడపుచున్నదట. పక్షులకు అసలుదాని చేదు తెలిసియున్ననే నకలుదానికి రక్షణ. కాబట్టి ఎక్కడో కంచెమీది ఈశ్వరి తీగ ఎండిపోయినచో మన పెరటి కరివేపచెట్టు బిడ్డకు కూడ ఆపద తప్పదు.

సీతాకోకచిలుకను కాపాడు ఈ విషమే మనుష్యులకు ప్రాణాంతకమగుచున్నది. ఈ సంగతి తెలియక తీగను పెరటిలో పెట్టుకొనరాదు. ఈశ్వరివేరు పాముకాటునకు మందనియు, ఈశ్వరి యున్న యింటికి పాము రాదనియు, జ్వరమునకును కడుపునొప్పికిని ఆకు రసము మంచిదనియు మన పల్లెలలో నమ్మకములు తరతరములుగా నున్నవి. వీనిని తీసివేయుటకు నాకును మనసొప్పలేదు. కాని నిజము చెప్పక తప్పదు.

1992 ప్రాంతమున బెల్జియము దేశపు రాజధాని బ్రస్సెల్సులో వయసున్న స్త్రీలు కొందఱు మూత్రపిండములు చెడి వైద్యుల యొద్దకు వచ్చిరి. వ్యాధి అతి త్వరగా ముదురుచుండెను. విచారింపగా వారందఱును ఒళ్లు తగ్గుటకై ఒకే చోట మందు తీసికొన్నవారని తేలెను. ఆ గుళికలలో చీనా మూలికలు కలవు. చీనా భాషలో ఇంచుమించు ఒకే పేరుగల రెండు మూలికలలో ఒకదానికి బదులు రెండవది, అనగా ఈశ్వరి కుటుంబపు మూలిక, పొరపాటున పడినది. ఇట్లు వ్యాధికి గురియైనవారి సంఖ్య నూటికి మించెను. వారిలో పాడైన మూత్రపిండములను తీసివేయించుకొన్న 39 మందిని పరీక్షింపగా 18 మందికి మూత్రమార్గమున పుట్టకురుపు, అనగా క్యాన్సరు, ఉన్నట్లు 2000లో ప్రకటింపబడెను.

యూరపులోనే డాన్యూబు నదికి ఉపనదులైన ఏళ్ల ఒడ్డున, బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, రుమేనియా మొదలైన దేశముల పల్లెలలో, మూత్రపిండముల వ్యాధి యొకటి కుటుంబములకు కుటుంబములనే పట్టి పీడించెను. కారణము చాల కాలము తెలియలేదు. గోధుమ చేలలో కలుపుగా పెరిగిన ఈ కుటుంబపు మొక్క విత్తులు గోధుమలతో కలిసి పిండియై రొట్టెలలో చేరుచుండెనని తుదకు తెలిసినది. వ్యాధిగ్రస్తుల దేహములో ఆ విషము వదలిన గుఱుతులను 2007లో కనిపెట్టిరి. బియ్యములోను పప్పులోను రాయి రప్ప ఏరు మనకు ఈ యుదంతము వేఱుగా వివరింప నక్కఱలేదు. ఈ కుటుంబపు మూలికలు గల మందులు మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంఘము 2002లోనే నిర్ణయించెను. మన ఈశ్వరిలోను ఉన్నది ఆ యామ్లమే.

మా యింటనే ఈ విషయమై వాదము జరిగినది. మా అత్తగారి మందుల పెట్టెలో ఈశ్వరివేరు ముక్క యెప్పుడును ఉండెడిది. పిల్లలకు కడుపునొప్పి వచ్చినచో సానమీద అరగదీసి నాకించుట ఆమె కలవాటు. “మా అమ్మ వాడినది, మా అవ్వ వాడినది. ఎవరి కేమైనది అమ్మాయీ?” అని యామె అడిగెను. న్యాయమైన ప్రశ్న. విషము నాడే తల తిరిగి పడిపోవునట్లు చేసినచో మన పెద్దలే దానిని ఎప్పుడో విడిచియుందురు. ఇది యట్లు చేయదు. మూత్రపిండములోని మెత్తని భాగమును మెల్లగా నారవలె గట్టిపఱచును. ఏండ్లు గడచిన తరువాత కాళ్లు వాచి, ఆకలి పోయి, మనిషి మంచము పట్టినపుడు, ఎన్నడో నాకిన వేరు ఎవరికి జ్ఞాపకము వచ్చును? చెడిన మూత్రపిండము మరల బాగుపడదు. రక్తశుద్ధి యంత్రమో, మఱొకరి మూత్రపిండమో శరణ్యము. ఇంత వఱకు పుచ్చుకొన్నచో ఏమియు కాదని వైద్యశాస్త్రము హద్దు గీయలేదు. ఇదంతయు చెప్పగా అత్తగారు ఆ పూటంతయు మాటాడలేదు. మఱునాడు ఆ వేరుముక్కను తెచ్చి నా చేతిలో పెట్టి, “తీగను మాత్రము పెఱికివేయకు, ఈశ్వరుని పేరు గలది” అనిరి. పెఱికివేయుట నా యుద్దేశమే కాదు.

పాముకాటు విషయమై మఱొక మాట. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షల మంది మరణించిరని 2020లో ప్రకటితమైన యొక పరిశోధన తేల్చినది. ఏటికి సగటున 58 వేలు. ఇందు పల్లెటూరివారే హెచ్చు. విషమునకు విరుగుడు ఆసుపత్రిలోని సూదిమందే గాని ఈశ్వరివేరు కాదు. వేరు వెదకుటలోను నూరుటలోను పోవు అరగంట తిరిగి రాదు. కఱచిన అవయవమును కదపక, గాటు పెట్టక, గట్టిగా కట్టు కట్టక, 108కి కబురు చేసి ఆసుపత్రికి చేర్పవలెను. గర్భిణులు ఈశ్వరిని ఏ రూపమునను పుచ్చుకొనరాదు. గర్భస్రావము చేయు మూలికగా దీనికి మన దేశమున పూర్వమునుండి పేరు కలదు. గ్రీకువారి పేరును నమ్మి కాన్పునకు మేలని భ్రమపడరాదు. ఇంతకు ముందు చాల కాలము వాడియున్నవారు బెంగపడక, ఒకసారి వైద్యుని చూచి మూత్ర పరీక్షయు, రక్తములో క్రియాటినిన్ పరీక్షయు చేయించుకొనుట మంచిది.

ఇంత విషము గలదానిని ఇంటిలో పెట్టుకొనవచ్చునా యని యడుగుదురు. గన్నేరును, ఉమ్మెత్తను మనము పెంచుచునే యున్నాము. తాకినంత మాత్రమున ఈశ్వరి హాని చేయదు. కత్తిరించిన పిమ్మట చేతులు కడుగుకొన్న చాలును. జాగ్రత్త పడవలసినది తినుబండారములతో కలియకుండుటకే. బచ్చలి, దొండ, తమలపాకు, తిప్పతీగ వీని పందిరిపై ఈశ్వరిని ఎక్కింపరాదు. 2020లో కొరోనా వచ్చినది మొదలు తిప్పతీగను కోసి కషాయము కాచువారు హెచ్చిరి. తిప్పతీగ యాకు హృదయాకారముగా గుండ్రముగా నుండును, కాడమీద బుడిపెలుండును. వెలుతురులో ఎవరికిని భ్రమ కలుగదు. కాని రెండు తీగలు పెనవేసుకొన్నచోట తెల్లవాఱుజామున కోసినచో ఏ చేయి ఏ యాకును లాగునో చెప్పలేము. అందుచే దీనికి వంటింటి వైపు గాక, వీథివైపు కంచెయో, పెరటి చివరి గోడయో మేలు.

నాటుట కష్టము కాదు. అడవిలోని తీగను వేరుతో త్రవ్వి తేవద్దు. వేరు పోయినచో ఆ తీగ పోయినట్లే, అక్కడి పురుగులును పోయినట్లే. విత్తులు గాని, ఔషధ మొక్కలు పెంచు నర్సరీలో చిన్న మొక్కలు గాని సంపాదింపవలెను. విత్తులు క్రొత్తవైనంత మంచిది. ఇసుకపాలు హెచ్చుగా గల మట్టిలో వేసి తడి ఆఱకుండ చూడవలెను. మొలకెత్తుటకు వారములు పట్టును గనుక తొందరపడి కుండీని మఱొకదానికి వాడుకొనవద్దు. తొలకరిలో నేలలో నాటిన మొక్క త్వరగా అందుకొనును. నీరు నిలువని చోటు, ప్రొద్దుటి యెండ, మధ్యాహ్నపు నీడ దీనికి ఇష్టము. కుండీయైనచో అడుగున్నర లోతు గలది కావలెను. ఎక్కుటకు వెదురు దడియో, త్రాడో చాలును. వేసవిలో ఆకు రాల్చి చచ్చినట్లుండును. పెఱికివేయక అప్పుడప్పుడు కొంచెము నీరు పోయుచున్నచో మొదటి వానకు దుంపవేరునుండి మరల చిగుర్చును.

ఒక్క తీగ పెట్టి ఊరుకొనరాదు. నాలుగైదు పురుగులు చేరినచో చిన్న తీగను ఆకు మిగుల్చక తిని, కాడను కూడ కొఱుకును. ఆకు చాలకున్నచో అవి ఆకలితో చచ్చును. వానిని తెచ్చి కరివేపచెట్టుమీదనో మందారముమీదనో విడిచిన ప్రయోజనము లేదు, తినవు. నాలుగైదు తీగలైనను ఉన్నచో ఒకటి మోడైనపుడు పురుగును మఱొకదానికి మార్చవచ్చును. మోడైన తీగ తిరిగి చిగుర్చును. ఆకులు చిల్లులు పడినవని విచారింపకుడు. ఈ తీగకు ఆకు చిల్లులే పూత.

పురుగుమందు చల్లరాదు. వేపనూనెయు చల్లరాదు; అదియు పురుగును చంపునదే. ప్రక్కనున్న గులాబికి మందు కొట్టినను ఆ తుంపర యిక్కడ పడును. చీమలు, సాలీడులు, కందిరీగలు, బల్లులు కొన్ని గ్రుడ్లను, పురుగులను ఎత్తుకొనిపోవును. పెట్టిన గ్రుడ్లన్నియు రెక్కలు తొడుగవలెనని పట్టుపట్టి సీసాలలో పెంచువారున్నారు. పిల్లలకు చూపుట కొకటి రెండైనచో సరియే గాని, కందిరీగకును బిడ్డలున్న సంగతి మఱువరాదు.

పెద్ద సీతాకోకచిలుకలకు తేనె కావలెను గదా. దగ్గఱలోనే నూరువరహాల చెట్టొకటి వేసినచో దాని గుత్తులమీద ఉదయమునుండి వ్రాలుచునే యుండును. గడ్డిచామంతిని కలుపని పీకివేయక ఒక మూలనైన నుంచవలెను.

ఇక నర్సరీలలో ఈ కుటుంబమునకే చెందిన దక్షిణ అమెరికా తీగ లమ్ముదురు. వాని పువ్వులు అరచేయంత పెద్దవి. గీతలు, చారలు గలవి. అందమున మన ఈశ్వరి వాని ముందు నిలువలేదు. కాని ఆస్ట్రేలియాలో జరిగినది వినుడు. క్వీన్సులాండు ప్రాంతమున రిచ్మండ్ బర్డ్‌వింగ్ అను పెద్ద సీతాకోకచిలుక కలదు. తోటలలో అందమునకై తెచ్చిపెట్టిన అమెరికా తీగను తన తీగయే యని భ్రమసి అది గ్రుడ్లు పెట్టుచుండెను. పురుగులు ఆ యాకులు తిని చచ్చుచుండెను. 1990 తరువాతి యేండ్లలో అక్కడి బడిపిల్లలును, గృహస్థులును ఆ పరదేశపు తీగను తీసి స్వదేశపు తీగను నాటుటకు పూనుకొనిరి. మన పడమటి కనుమలలోను ఇట్టి పెద్ద సీతాకోకచిలుక కలదు. సదరన్ బర్డ్‌వింగ్ అను పేరుగల ఆ పసుపు నలుపు రెక్కలది కర్ణాటక రాష్ట్రపు సీతాకోకచిలుక. దాని బిడ్డలకును ఈశ్వరి కుటుంబమే ఆధారము.

కాయలు ఎండి విచ్చునట్లు కనబడినపుడు పలుచని గుడ్డసంచి తొడిగి కట్టినచో విత్తులు గాలికి పోవు. వానిని నీడను ఆరబెట్టి కాగితమున మడిచి, రాబోవు తొలకరికి దాచుకొనవచ్చును. ఇరుగు పొరుగువారు అడిగినపుడు ఇచ్చునెడల ఆ పొట్లముమీద “ఈశ్వరి - సీతాకోకచిలుకలకు మాత్రమే - తినరాదు” అని పెద్ద యక్షరములతో వ్రాసి యియ్యవలెను. చదువురాని వారికి నోటితోను చెప్పవలెను.